నాలుగు నెలలుగా దురద తగ్గడం లేదు, సరైన మందు ఏమిటో చెప్పగలరా?

చిత్తూరు అధ్యాపకురాలు:
ఈ సంగతి నలుగురిలో రాయవలసి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు రాత్రి రెండు దాటింది. పదకొండింటి నుంచి కన్ను మూతపడక, ఫోనులో కనిపించిందల్లా చదివి, ఏదీ అర్థం కాక చివరికి ఇక్కడ అడుగుతున్నాను. నాకు అక్కడ నాలుగు నెలలుగా దురద. పగలు తరగతిలో పాఠం చెబుతున్నంతసేపూ ఎలాగో ఓర్చుకుంటాను గానీ, రాత్రి పక్క మీదికి చేరితే గోళ్లతో రక్కుకోకుండా ఉండలేకపోతున్నాను. మొదట మా వీధిలోని మందుల దుకాణంలో ఒక మాత్ర ఇచ్చారు. వారం రోజులు హాయిగా ఉండి మళ్లీ వచ్చింది. తరువాత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను పరీక్షించకుండానే, లోపల పెట్టుకునే బిళ్లలు ఆరు రాత్రులకు రాసిచ్చారు; అవి అయిపోయిన పది రోజులకు మళ్లీ మొదలైంది. ఇప్పుడొక ఆయింట్‌మెంటు రాస్తున్నాను. రాసిన గంటలో చల్లబడుతుంది, ఒక్క రోజు మానితే మునుపటికంటే ఎక్కువ మండుతుంది. దీనికి అసలైన మందు ఏదో తెలిసినవారు దయచేసి చెప్పండి.

శ్రీకాళహస్తి గృహిణి:
అమ్మా, మీ బాధ నాకు తెలుసు, నేనూ పడినదాన్నే. ముందు స్నానాల గదిలో ఏముందో చూసుకోండి. శుభ్రత పేరుతో మనం డెట్టాల్ కలిపిన నీళ్లు, వాసన సబ్బులు, ప్రకటనల్లో చూపించే ప్రత్యేక ద్రవాలు వాడుతున్నాం. అవన్నీ హాని చేసేవే. యోని తనను తాను శుభ్రం చేసుకుంటుంది. అక్కడుండే మేలు చేసే సూక్ష్మజీవులు ఆమ్లాన్ని తయారుచేసి, పీహెచ్‌ను, అంటే ఆమ్లత కొలతను, 3.8 నుంచి 4.5 మధ్య నిలబెడతాయి. లోపల సబ్బు పెట్టి కడిగితే ఆ కాపలా పోతుంది. బయట మామూలు నీళ్లు చాలు. ఇక మన తిరుపతి, చిత్తూరు ఎండలకు నైలాన్ లోదుస్తులు వేసుకుని, పైన లంగా, చీర కట్టుకుని రోజంతా నిలబడితే చెమట ఆరే దారే ఉండదు. నేను నెలకొకసారి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కేదాన్ని, దిగివచ్చిన ప్రతిసారీ రెండు రోజులు ఇదే బాధ. నూలు లోదుస్తులకు మారి, కొండ మీద తడిబట్టలు వెంటనే మార్చుకోవడం మొదలుపెట్టాక నాకు తగ్గింది. సువాసన కలిపిన ప్యాడ్లను కూడా మానేయండి.

తిరుపతి, విశ్రాంత స్టాఫ్ నర్సు:
వయసెంత? నెలసరి వస్తోందా? షుగర్ ఉందా? రోజూ వాడే మందులేమిటి? ఆయింట్‌మెంటు పేరేమిటి? ఇవి చెప్పకుండా మందు అడిగితే ఎవరూ చెప్పలేరు.

పలమనేరు నుంచి ఒక సోదరి:
వేపాకు ఉడికించిన నీళ్లలో పసుపు వేసి ఉదయం, సాయంత్రం కడుక్కోండి. మా అమ్మమ్మ కాలం నుంచి మేము ఇదే చేస్తున్నాం. తెల్లబట్ట రోగానికి దీన్ని మించింది లేదు.

తిరుపతి, విశ్రాంత స్టాఫ్ నర్సు:
గోళ్లతో చీరుకున్న చర్మం మీద పసుపు నీళ్లు పోస్తే మంట పెరుగుతుంది. పైగా తెల్లబట్ట రోగం కాదు, ఒక లక్షణం మాత్రమే. కొంత తెల్లబట్ట ఆరోగ్యంగా ఉన్న ప్రతి స్త్రీకీ అవుతుంది. పెరుగు విరిగినట్లు గడ్డలుగా, వాసన లేకుండా, దురదతో వస్తే ఎక్కువగా ఈస్టు అనే ఫంగస్. పలచగా, బూడిద రంగులో, చేప వాసనతో వస్తే బ్యాక్టీరియా సమతుల్యత చెడినట్లు; అందులో దురద తక్కువ. పసుపు పచ్చగా, నురగతో వస్తే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. అప్పుడు భర్తకూ మందు వేయాలి. మూడింటికీ మందులు వేరు. ఆమె తెల్లబట్ట అవుతోందని కూడా రాయలేదు, గమనించండి.

తిరుపతి, చర్మవ్యాధుల విభాగం పీజీ విద్యార్థిని:
నర్సమ్మగారు అడిగినవాటికి నేను ఇంకొక్కటి కలుపుతాను. అక్కా, మీరు ‘అక్కడ’ అని రాశారు. ఓపీలో కూర్చుంటే రోజుకు ఎంతమంది ఈ ఒక్క మాటతో ఆగిపోతారో చెప్పలేను. దురద యోని లోపలా, బయటి పెదవుల మీదా, తొడల గజ్జల్లోనా, మలద్వారం చుట్టూనా అన్నదాన్ని బట్టి జబ్బే మారిపోతుంది. గజ్జల్లో అంచు ఎర్రగా, ఉంగరంలా పాకితే తామర. ఇంట్లో అందరికీ రాత్రిపూట వేళ్ల సందుల్లో కూడా దురద ఉంటే గజ్జి. బయటి పెదవుల చర్మం తెల్లబడి, సిగరెట్టు కాగితంలా పలచబడి ముడతలు పడితే లైకెన్ స్క్లెరోసస్ అనే వేరే జబ్బు. దాన్ని ఏళ్ల తరబడి ఫంగస్ అనుకుని మందులు వాడినవారిని చూశాను. నెలసరి ఆగిన తరువాత ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి, ఆ చర్మం పొడిబారినా దురద వస్తుంది. దయచేసి మొహమాటపడకుండా చోటు పేరు చెప్పండి.

చిత్తూరు అధ్యాపకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. నా వయసు 49. నెలసరి రెండు మూడు నెలలకొకసారి వస్తోంది. దురద లోపల మొదలై ఇప్పుడు బయటి పెదవులకూ వచ్చింది. తెల్లగా, విరిగిన పెరుగులా అవుతుంది, వాసన లేదు. షుగర్ ఆరేళ్లుగా ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదనుకుని రాయలేదు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. సంక్రాంతి దాటాక షుగర్ డాక్టరుగారు డపాగ్లిఫ్లోజిన్ అని ఇంకొకటి కలిపారు, దానితో షుగర్ బాగా అదుపులోకి వచ్చింది. ఆయింట్‌మెంటు గొట్టం మీద నాలుగు మందుల పేర్లున్నాయి, అందులో ఒకటి క్లోబెటాసాల్.

పుత్తూరు ఫార్మసిస్టు:
అమ్మా, మీరు చివర రాసినవే ముందు రాయవలసినవి. డపాగ్లిఫ్లోజిన్ రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపి షుగర్‌ను తగ్గిస్తుంది. ఆ తీపి మూత్రం తగిలే చోట ఈస్టు పెరగడం ఈ మందుకు బాగా తెలిసిన దుష్ఫలితం, ఆడవారిలో మరీ ఎక్కువ. 2020 అక్టోబరులో మన దేశంలో దీని పేటెంటు ముగిశాక ధర తగ్గి చాలామందికి రాస్తున్నారు, గుండెకు, మూత్రపిండాలకు మేలు చేసే మంచి మందు కూడా. కానీ ఈ దురద గురించి రోగికి ముందుగా చెప్పేవారు తక్కువ. మీ దురద కూడా నాలుగు నెలల కిందటే మొదలైంది కదా.

రెండవది ఆ ఆయింట్‌మెంటు. క్లోబెటాసాల్ చాలా బలమైన స్టెరాయిడ్. ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, స్టెరాయిడ్ కలిపిన ఈ గొట్టాలు దురదను గంటలో అణచి, లోపల ఫంగస్‌ను పెంచుతాయి. మానితే మంట రెట్టింపవుతుంది. డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు, అయినా అమ్ముతున్నారు. మా వృత్తిలో ఉన్నవాడిగా ఇది రాయడం నాకు సిగ్గుగా ఉంది.

మూడవది, మీకు మొదట ఇచ్చిన మాత్ర ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు, 150 మిల్లీగ్రాములు అయి ఉండవచ్చు. అది గ్లిమిపిరైడ్‌తో కలిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది. దాన్ని సొంతంగా మళ్లీ కొని వేసుకోకండి.

పలమనేరు నుంచి ఒక సోదరి:
అయితే ఆ షుగర్ మాత్రను ఈ రోజే ఆపేయమని చెప్పవచ్చు కదా, ఎందుకింత చర్చ?

తిరుపతి, విశ్రాంత స్టాఫ్ నర్సు:
ఆపకూడదు. ఆపితే షుగర్ పెరుగుతుంది, పెరిగిన షుగరే ఈస్టుకు మేత. రాసిన డాక్టరే మార్చాలి, రెండు మూడు రోజుల్లో కలవండి. నా సలహా ఒకటే: జిల్లా ఆసుపత్రిలో సురక్ష క్లినిక్‌కు వెళ్లండి, పరీక్షకూ మందుకూ డబ్బు అడగరు.

శ్రీకాళహస్తి గృహిణి:
నర్సమ్మా, ఆ గది ముందు సుఖవ్యాధులని రాసి ఉంటుంది. ఇద్దరు బిడ్డల తల్లి, పదిమందికి పాఠం చెప్పే మనిషి, ఆ వరుసలో ఎలా నిలబడుతుంది? ఆమెకు వచ్చింది అలాంటి జబ్బు కాదు కదా.

తిరుపతి, విశ్రాంత స్టాఫ్ నర్సు:
ఆమెకు సుఖవ్యాధి అని నేను అనలేదు. ఈస్టు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బుగా లెక్కలోకి రాదు, కన్యలకూ వస్తుంది. ఆ క్లినిక్ జననాంగాల ఇన్ఫెక్షన్లన్నింటికీ పెట్టింది. తెల్లబట్టకు అక్కడ ఇచ్చే ఆకుపచ్చ పొట్లంలో బ్యాక్టీరియాకూ ట్రైకోమోనాస్‌కూ సెక్నిడజోల్, ఈస్టుకు ఫ్లూకోనజోల్ ఉంటాయి. ‘సుఖవ్యాధి’ అన్న ఆ ఒక్క మాటకు భయపడి ఇంట్లోనే ఉండిపోయి, చివరికి చర్మమంతా పుండ్లతో వచ్చినవారికి నేను ముప్పై ఏళ్లు కట్టు కట్టాను. మాట బాగాలేకపోతే మాట మార్చుకుందాం, వైద్యం మాత్రం మానవద్దు.

తిరుపతి, చర్మవ్యాధుల విభాగం పీజీ విద్యార్థిని:
ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఇబ్బందిగా ఉంటే స్త్రీల వైద్య విభాగానికే వెళ్లవచ్చు, అక్కడా ఇదే పరీక్ష చేస్తారు. అయితే షుగర్ ఉన్న మనిషికి ఒకే మోతాదు పొట్లంతో సరిపెట్టడం తగదు. స్రావాన్ని దూదిపుల్లతో తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఈస్టు ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. మందులకు లొంగకుండా తిరగబెడుతోంది కాబట్టి కల్చర్, అంటే ఆ నమూనాను ల్యాబులో పెంచి రకం తేల్చే పరీక్ష, కూడా అడగండి. క్యాండిడా గ్లాబ్రాటా అనే ఈస్టు రకమైతే ఫ్లూకోనజోల్‌కు సరిగా తగ్గదు, దానికి వేరే వైద్యం ఉంది. మామూలు రకమే ఏడాదిలో మూడు, అంతకంటే ఎక్కువసార్లు వస్తే, మూడు రోజులకొకటి చొప్పున ఫ్లూకోనజోల్ మూడు మోతాదులు ఇచ్చి, ఆపైన వారానికొకటి ఆరు నెలల పాటు కొనసాగించే పద్ధతి ఉంది. మీ గ్లిమిపిరైడ్‌ను చూసి ఇది చేయాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయించాలి. నమూనా ఇచ్చేలోపు లోపల బిళ్లలు పెట్టకండి, పెడితే ఉన్న ఈస్టు కూడా కనబడకపోవచ్చు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష కాగితం, మీరు వాడిన ప్రతి గొట్టం, ప్రతి అట్ట సంచిలో వేసుకుని వెళ్లండి. వైద్యం పూర్తయ్యాక కూడా బయటి చర్మం మీద తెల్లని మచ్చలు ఉంటే మాత్రం చర్మవైద్యులకు చూపించి తీరాలి.

చిత్తూరు అధ్యాపకురాలు:
జిల్లాలు విడిపోయాయి కదా, చిత్తూరు నుంచి వచ్చినవారిని తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చూస్తారా?

పుత్తూరు ఫార్మసిస్టు:
చూస్తారు. 2022 ఏప్రిల్ 4న విడిపోయింది జిల్లా పాలన మాత్రమే, ఓపీ చీటీకి ఆ గీత అడ్డం రాదు. రుయా పక్కనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి కూడా ఉంది. కానీ ముందు చిత్తూరులోనే చూపించండి.

చిత్తూరు అధ్యాపకురాలు:
గురువారం సెలవు పెట్టాను, షుగర్ డాక్టరుగారి దగ్గరికి ముందు, అక్కడి నుంచి స్త్రీల వైద్యురాలి దగ్గరికి వెళుతున్నాను. ఆయింట్‌మెంటు నిన్నటి నుంచి మానేశాను, మంటగానే ఉంది. ధన్యవాదాలు.

శ్రీకాళహస్తి గృహిణి:
మంటకు చల్లని నీళ్లలో తడిపిన నూలు గుడ్డ పెట్టుకోండి అమ్మా. నూలు లోదుస్తుల సంగతి మరచిపోకండి.

మదనపల్లె నుంచి ఒకరు:
మా కోడలికి ఏడో నెల, ఆమెకూ ఇలాగే దురద ఉంది. ఈ ఫ్లూకోనజోల్ మాత్ర గర్భిణికి వేయవచ్చా?

తిరుపతి, విశ్రాంత స్టాఫ్ నర్సు:
నోటి మాత్ర వేయకండి. గర్భంతో ఉన్నప్పుడు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్లలు ఏడు రోజులు వాడిస్తారు, అదీ డాక్టరు చూసిన తరువాతే. ఆమెకు షుగర్ పరీక్ష చేశారా?