అప్‌డేట్: కారు ఇంజిన్ ఆయిల్ తగ్గడానికి కారణం దొరికింది

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆయిల్ ఎందుకు తగ్గుతోందని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పినట్టే బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపాక పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) తుడిచి మళ్లీ పెట్టి చూశాను. ఆయిల్ కింది గీత దగ్గరే ఉంది. ఇంజిన్ లోపల ఆయిల్ కాలితే వచ్చే నీలం పొగ సైలెన్సర్‌లో లేదు, అదొక్కటే ధైర్యం.

మెకానిక్ అన్న బండిని పైకెత్తి చూపించాడు. పాత ఆయిల్ తీయడానికి ఇంజిన్ కింద ఉండే డ్రెయిన్ బోల్ట్ చుట్టూ నల్లటి జిడ్డు, దానిమీద ఎర్రమట్టి అట్టకట్టి ఉంది. ఆ బోల్ట్ వాషర్ అరిగిపోయి ఆయిల్ కారుతోంది, అంతే! కొత్త వాషర్, ఫిల్టర్ వేయించి, మాన్యువల్లో ఉన్న 5డబ్ల్యూ-30 గ్రేడ్ (చిక్కదనం) ఆయిలే పోయించాను. పై గీత దాటనివ్వలేదు, ఎక్కువైతే నురగ కడుతుందట. ఆ తర్వాత మళ్లీ బెంగళూరు వెళ్లొచ్చినా లెవెల్ కదల్లేదు. ఇంజిన్ విప్పించకముందే దారి చూపించారు, అందరికీ చాలా థాంక్స్.