తుపాకుల ఆటలు ఆడే పిల్లవాడికి కోపం ఎక్కడి నుంచి వస్తోంది?

ప్రశ్న: కూర్మన్నపాలెం నుంచి ఒక తల్లి

మా అబ్బాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి చదువుతున్నాడు. మా వారికి ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఎ షిఫ్టు ఉన్న రోజుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకే లేవాలి గనుక రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటారు. ఆయనకు నిద్ర పట్టగానే ఆయన ఫోను పిల్లవాడి చేతికి వెళ్తుంది. ఆడేది బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే తుపాకుల ఆట. మొన్న శనివారం భోజనానికి మూడుసార్లు పిలిచినా రాకపోతే ఫోను లాక్కున్నాను. వాడు అరుస్తూ లేచి, ఎదురుగా ఉన్న ఆరేళ్ల చెల్లెలిని తోసేశాడు. పాప మోచెయ్యి గుమ్మానికి కొట్టుకుని గీరుకుపోయింది. అరగంట తరువాత వాడే వచ్చి ఆ మోచేతికి కొబ్బరినూనె రాస్తూ ఏడ్చాడు. ఇంతకుముందు ఎవరి మీదా చెయ్యి ఎత్తని పిల్లవాడు. కాల్చడం, చంపడం రోజూ చూడడం వల్లే ఇలా తయారవుతున్నాడా, లేక కారణం వేరే ఉందా? ఆటను పూర్తిగా మాన్పించాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: మర్రిపాలెం, విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలులో పాఠాలు చెప్పినవాడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పిల్లలు చూసినది చేస్తారు. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గాలి నింపిన ఒక బొమ్మను పెద్దవాళ్లు కొట్టడం, తన్నడం చిన్నపిల్లలకు చూపించారు. అది చూసిన పిల్లలు, చూడని పిల్లలకంటే ఎక్కువగా ఆ బొమ్మ మీద విరుచుకుపడ్డారు. ఈ ఆటలో పిల్లవాడు చూసి ఊరుకోడు, తానే గురిపెట్టి కాలుస్తాడు. ఆటలో నెత్తురును ఆకుపచ్చ రంగులో చూపించినంత మాత్రాన చేసే పని మారదు కదా. నా మనవడైతే ఈ రోజే మాన్పించేవాడిని.

జవాబు: సీతమ్మధార, మనస్తత్వశాస్త్రంలో ఎమ్మే

మాస్టారి ఆందోళన నిరాధారమైనదని అనను. కాని ఆ బొమ్మ తయారైనదే కొట్టి ఆడుకోవడానికి. దాన్ని కొట్టడానికీ మనిషిని కొట్టడానికీ చాలా దూరం ఉంది. ఈ ఆటల మీద జరిగిన పరిశోధనలు కూడా ఒకే మాట చెప్పడం లేదు. 2018లో 24 అధ్యయనాలను, 17,000 మందికి పైగా పిల్లలను కలిపి చూసిన విశ్లేషణలో, హింస ఉన్న ఆటలు ఆడేవారిలో చెయ్యి చేసుకోవడం కాలక్రమేణా పెరిగినట్లు తేలింది, అయితే ఆ పెరుగుదల చిన్నది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల వారిని సుమారు వెయ్యిమందిని పరిశీలించి, వారి ప్రవర్తన గురించి తల్లిదండ్రులను విడిగా అడిగినప్పుడు అలాంటి సంబంధమే కనిపించలేదు. అమెరికాలోని మనస్తత్వ నిపుణుల సంఘం, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, 2020లో, అరవడం, తోయడం వంటి దుడుకుతనంతో ఈ ఆటలకు కొద్దిపాటి సంబంధం ఉందని చెబుతూనే, ఘోరమైన హింసకు ఆటలను కారణంగా చూపడం శాస్త్రీయం కాదని స్పష్టం చేసింది.

కాబట్టి అమ్మా, కోపం ఏ సమయంలో వస్తోందో చూడండి. బాబు ఎన్నింటికి పడుకుంటున్నాడు? ఈ వయసుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. అర్ధరాత్రి దాకా మేలుకున్న పిల్లవాడు ఏ ఆట ఆడినా చిరాకుపడతాడు. తోయడం మళ్లీ జరిగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

జవాబు: మధురవాడ, ఇంజనీరింగ్ విద్యార్థి

ఆంటీ, నేను ఎనిమిదో తరగతి నుంచి ఆడుతున్నాను, అందుకే ఆడేవాడి వైపు నుంచి ఒక మాట చెబుతాను. ఈ ఆటలోని ఎరాంగెల్ అనే మ్యాప్‌లో ఒక మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపి తరువాత కొనసాగించే వీలు లేదు. నలుగురు ఒక స్క్వాడ్‌గా, అంటే జట్టుగా, దిగుతారు. చివర్లో ఒకడు కదలకుండా నిలబడిపోతే మిగతా ముగ్గురూ ఇయర్‌ఫోన్లలో చెవిలోనే తిడతారు, మర్నాడు బడిలోనూ అదే మాట. చెల్లిని తోయడం తప్పే. అయినా భోజనానికి అరగంట ముందే, ఇదే ఆఖరి మ్యాచ్ అని చెప్పి చూడండి. ఇంకొకటి, పద్దెనిమిది నిండనివారికి రోజుకు 3 గంటల పరిమితి ఆటలోనే ఉంది. నాన్నగారి ఖాతాతో ఆడితే అది వర్తించదు.

ప్రశ్న అడిగిన తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న వాడిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. శుక్రవారం రాత్రి ఒంటిగంట దాకా ఆడాడట. ఆ సంగతి మాకు తెలియనే తెలియదు. మాస్టారూ, పూర్తిగా మాన్పించడానికి నాకు ఇంకా మనసొప్పడం లేదు, మన్నించండి. ఇకనుంచి రాత్రి తొమ్మిదికి ఫోను బీరువాలో ఉంటుంది, ఆట సెలవు రోజున హాల్లోనే, మా వారు పక్కన ఉన్నప్పుడే. పాప మాత్రం వాడు ఫోను పట్టుకుంటే చాలు, ఇంకా నా వెనక్కి వచ్చి నిలబడుతోంది.