మా ఊరిని మున్సిపాలిటీల కలపొద్దని ఎమ్మెల్యేకు అర్జీ ఇచ్చినం. ఏమన్న ఫాయిదా ఉంటదా?

చెరువుకట్ట
మాది జిల్లా కేంద్రానికి 4 కిలోమీటర్ల దూరంల ఉండే ఊరు. ఈసారి విలీనం లిస్టుల మా ఊరు ఉన్నదని అంటున్నరు. 340 సంతకాలతోని అర్జీ రాసుకొని, గురువారం పొద్దున 8 గంటలకే క్యాంపు ఆఫీసుకు పోయినం, పదకొండు మందిమి. పదిన్నరకు సారు బయటికొచ్చిండు. శాలువా కప్పినం, ఫోటో దిగినం. కాయితం పీఏ తీసుకొని టేబుల్ మీద ఉన్న కుప్పల పెట్టిండు, పైన టిఫిన్ డబ్బా పెట్టిండు. సారు "చూద్దాం" అన్నడు. ఇగ తర్వాత ఏం చెయ్యాలె? కలెక్టరుకు ఇయ్యాల్నా, మంత్రి దగ్గరికి పోవాల్నా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాత_ఫైలు
ఇన్‌వర్డ్ నంబరు తీసుకున్నారా? 31 ఏళ్లు ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నా. కాగితం అందినట్టు రిజిస్టరులో ఎక్కించి ఇచ్చే ఆ నంబరు లేని కాగితం కాగితమే కాదు. రెండు ప్రతులు తీసుకెళ్లాలి, ఒకటి వారికి ఇవ్వాలి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. అప్పుడే రేపు "మాకు అందలేదు" అనే మాట రాదు.

గల్లీ_గణేష్
"చూద్దాం" అన్నడా? అయిపాయె 😄

చెరువుకట్ట
పెద్దసారూ, క్యాంపు ఆఫీసుల ముద్ర ఎవలు ఏస్తరు? ఫోటో ఉంది కదా, దాంట్ల కాయితం కూడ కనబడుతది.

పాత_ఫైలు
ఫోటోలో కనిపించేది శాలువా. కాగితంలో ఏముందో ఫోటో చెప్పదు. మా అన్నగారి పింఛను విషయంలో ఇలాగే ఒక ప్రజాప్రతినిధికి మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం, మూడుసార్లూ ఫోటోలు దిగాం. నాలుగోసారి వెళ్తే పీఏ మారిపోయాడు. కొత్తాయన "ఇంతకుముందు ఇచ్చారా?" అని అడిగాడు. ఫోటోలు చూపిస్తే నవ్వాడు.

డాలస్_శీను
నంబరు సంగతి వదిలేయండి. అసలు ఎమ్మెల్యేకి ఇచ్చి ఏం లాభం? రాజ్యాంగం 243క్యూ ప్రకారం ఏది పల్లె, ఏది పట్టణం అనేది జనాభా, జనసాంద్రత, ఆదాయం, వ్యవసాయం కాని పనులు చేసేవాళ్ల శాతం లాంటివి చూసి తేల్చేది గవర్నరు పేరు మీద ప్రభుత్వం. మన తెలంగాణలోనేమో 2019 మున్సిపల్ చట్టం షెడ్యూల్లోనే ఊళ్ల పేర్లు ఉంటాయి. అది మార్చాలంటే ముందు ఆర్డినెన్సు తెచ్చినా చివరికి అసెంబ్లీలో బిల్లు రావాలి. మీ ఎమ్మెల్యే అధికార పార్టీయే కదా. ఇలాగే ఓటేయాలని పార్టీ విప్ ఇచ్చాక ఎదురు ఓటేస్తే 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద సీటే పోతుంది. మీ 340 సంతకాల కోసం సీటు పోగొట్టుకుంటాడా?
అదీగాక విలీనం అయితే తప్పేంటి? మంచి రోడ్లు, డ్రైనేజీ వస్తాయి. మా ఊరు కూడా అదే, నాకూ అక్కడ ప్లాటుంది.

చెరువుకట్ట
బిల్లు దాకా ఎందుకు పోతదన్నా? లిస్టు తయారైతున్నప్పుడే ఎమ్మెల్యే ఒక మాట చెప్తే పేరు పోతది. ఓటేసే దగ్గర కాదు, లిస్టు రాసే దగ్గర పట్టుకోవాలె. అందుకే ఇప్పుడు పోయినం.

గల్లీ_గణేష్
గిది మాత్రం పాయింటే.

కామారెడ్డి_పోరడు
మా దగ్గర జరిగింది చెప్త. ముందుగాల అడ్లూర్, ఇల్చిపూర్, టేక్రియాల్ అసొంటి ఊళ్లను మున్సిపాలిటీల కలిపిన్రు. అప్పుడు పెద్దగ లొల్లి లేదు. తర్వాత మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది, పొలాలు ఇండస్ట్రియల్ జోన్ల పడ్డయి. అప్పుడు మొదలైంది అసలు కథ. అభ్యంతరాలు రాసిచ్చిన్రు, కలెక్టరేటు ముందు కూసున్నరు, ఒక రైతు పానం కూడ పోయింది. రాజీనామా చెయ్యమని కౌన్సిలర్ల మీద పడ్డరు. రోజూ కనబడే మనుషులాయె, మొఖం తప్పిచ్చుకోలేరు. 2023 జనవరి 20న కౌన్సిలే ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. కాబట్టి పెద్దోళ్ల దగ్గరికి ఉరుకుడు కంటె దగ్గరోళ్లను పట్టుకోండ్రి.

పాత_ఫైలు
నేను చెప్పేదీ అదే. అక్కడ ముసాయిదాకు చట్ట ప్రకారం అభ్యంతరాలు స్వీకరించారు. స్వీకరించడం అంటే రసీదు ఉంటుంది.

కామారెడ్డి_పోరడు
సార్, రసీదుతోని కాలే. రోడ్డు మీద కూసుంటె అయ్యింది.

పాత_ఫైలు
2016 సంగతి మరిచిపోతున్నారు. ఆగస్టు ముసాయిదాలో కొత్త జిల్లాలు 17. అక్టోబరు 11న ఏర్పడినవి 21. జనగామ, సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాద్ మధ్యలో వచ్చి చేరినవే. 30 రోజుల గడువిచ్చి అభ్యంతరాలు అడిగారు, జనం రాశారు.

కామారెడ్డి_పోరడు
జనగామల బందులు చేసిన్రు, గద్వాల కోసం నిరాహార దీక్షలు చేసిన్రు. రాసుడొక్కటే అయితే ఇంకెన్నో మండలాలోళ్లు రాసిన్రు, వాళ్లకేం వచ్చింది?

డాలస్_శీను
ఈ ఊరికి అసలు 340 మంది వ్యతిరేకం అన్నదే అబద్ధం. మా అమ్మ దగ్గర వేలిముద్ర తీసుకున్నారు. రేషను కార్డు కోసం అనుకుందట. నిన్న ఫోన్లో చెప్పింది. ఇలా సేకరించిన కాగితం పట్టుకెళ్లి ఊరి మాట అంటారా?

చెరువుకట్ట
పెద్దమ్మకు నేనే చెప్పిన, అరుగు మీద కూసొని చదివి వినిపిచ్చిన. నువ్వు ఊరికొచ్చి ఆరేండ్లాయె శీనన్నా. ఇంటి పన్ను కట్టేది మేము, మీ గేటు ముంగట మోరి తీసేది మేము. మీకు కావాల్సింది రోడ్లు కాదు, గజం రేటు. మున్సిపాలిటీ అని బోర్డు పడంగనే ప్లాటు అమ్ముతవు.

డాలస్_శీను
సరే, అమ్ముతాను. నా సొమ్ము. మరి నువ్వెందుకు వద్దంటున్నావో కూడా చెప్పు. ఈసారి సర్పంచు రిజర్వేషన్ మీవాళ్లకు వస్తదని లెక్క వేసుకున్నారు, అవునా కాదా? ఊరు కలిస్తే సర్పంచు కుర్చీ ఉండదు, వార్డు కౌన్సిలరు ఉంటాడు. నాది ప్లాటు, నీది కుర్చీ. "ఊరి కోసం" అని మాత్రం చెప్పకు.

గల్లీ_గణేష్
🍿

చెరువుకట్ట
వస్తె తప్పేంది? యాభై ఏండ్ల సంది మీ ఇంట్లనే ఉండె, అప్పుడు కుర్చీ అనలే ఎవలూ. 2024ల హైదరాబాద్ చుట్టు 51 పంచాయతీలను ఆర్డినెన్సుతోని కలిపినప్పుడు ఆ ఊళ్లల్ల సర్పంచులే లేరు, పదవీకాలం అయిపోయి స్పెషల్ ఆఫీసర్లుండిరి. అడిగెటోడే లేకుండె. మాకు గట్ల కావొద్దని పోయినం.

యాదమ్మ_మేటు
నేను సూస్తనే ఉన్న. నా దస్తకతు గూడ ఉంది అందుల, పన్నెండో నంబరు. కాయితంల ఏం రాసిన్రో మా బిడ్డతోని చదివిచ్చుకున్న. ఇంటి పన్ను పెరుగుతదని రాసిన్రు, ఇల్లు కట్టుకునే పర్మిషన్ కష్టమైతదని రాసిన్రు. ఉపాధి పని ముచ్చట ఒక్క లైను లేదు. మున్సిపాలిటీ అయితె ఆ పని ఉండది, అది పల్లెలకే. మా గుంపుల ఇరవై ఆరు మందిమి, అందరి దగ్గర జాబుకార్డులున్నయి. ఎండాకాలం చెరువుల పూడిక తీసే పని మాకు అదొక్కటే. శీను తమ్మీ, నీ ప్లాటు పక్కపొంటి కందకం తవ్వింది మేమే. పదకొండు మంది పోతిరి కదా, మా దిక్కు నుంచి ఒక్కలను తీస్కపోతిరా?

డాలస్_శీను
అక్కా, అది నేను ఆలోచించలేదు.

చెరువుకట్ట
అక్కా, జాగ సరిపోలే కాయితంల. రెండు పేజీలు దాటొద్దన్నరు.

యాదమ్మ_మేటు
ఎవలన్నరు? శాలువాకు పైసలు పోగు చేసేటప్పుడు మాత్రం మా గుంపుకు గూడ వచ్చిన్రు. మనిషికి ఇరవై.

కామారెడ్డి_పోరడు
అక్కా, మీ ఇరవై ఆరు మంది వేరేగ పోండ్రి. జాబుకార్డులు చేతుల పట్టుకొని పోండ్రి.

పాత_ఫైలు
యాదమ్మ గారూ, ఒక పేజీ చాలు. ఊరి పేరు, జాబుకార్డుల సంఖ్య, పోయినేడు ఎన్ని రోజులు పని దొరికింది, విలీనమైతే ఎంత కూలి పోతుంది, అంతే రాయండి. సోమవారం కలెక్టరేటులో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి, ప్రతి ఒకటి ఎమ్మెల్యేకు. కావాలంటే నేను రాసిపెడతాను, రోజుల లెక్క మీరు చెప్పండి. ఇన్‌వర్డ్ నంబరు మాత్రం అడిగి తీసుకోండి తల్లీ.

యాదమ్మ_మేటు
రోజుల లెక్క నా పుస్తకంల ఉంది, రాత్రికి పెడత. కని సోమారం పోతె అందరి మస్టర్ పోతది సారూ, ఆ రోజు హాజరు పడది, కూలి రాదు. పోస్టుల పంపితె నంబరు ఇస్తరా?