హౌన్‌స్లో పెరట్లో రామచిలుకలు: తప్పించుకున్నవా, స్థిరపడినవా?

కొత్త అద్దెదారు (హౌన్‌స్లో)

సభ్యులందరికీ నమస్కారం. గత నెలలో మేము పశ్చిమ లండన్‌లోని హౌన్‌స్లోకు ఇల్లు మారాము. మాకు ముందున్నవారు పెరట్లో వేలాడదీసి వదిలేసిన గింజల గొట్టంలో వేరుశనగ పలుకులు పోసిన మర్నాటి నుంచి, రోజూ ఉదయం ఏడెనిమిది పచ్చని చిలుకలు గోలగోలగా వచ్చి వాలుతున్నాయి. పలుకును కాలితో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి కొరికి, సగానికి పైగా కింద పారేసే ఆ పద్ధతి చూస్తే మా ఊళ్ళో జామచెట్టు మీద వాలే రామచిలుకలే గుర్తుకు వచ్చాయి. ఇవి నిజంగా ఆ జాతేనా? ఎవరి పంజరంలోంచి అయినా తప్పించుకుని ఉంటే ఎక్కడైనా తెలియజేయాలా? ఈ చలికి ఇవి బతుకుతాయా అని మా అత్తగారు రోజూ అడుగుతున్నారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సాయంత్రపు నడక (ట్వికెన్‌హామ్)

కొత్త అద్దెదారు గారూ, మీరు చూసినవి రామచిలుకలే. అయితే అవి నిన్న మొన్న తప్పించుకున్నవి కావు. పంజరంలోంచి పారిపోయిన పక్షి సాధారణంగా ఒంటరిగా తిరుగుతుంది, మనిషి దగ్గరికి వెళ్ళినా అంతగా బెదరదు, దాని కాలికి తరచుగా కడియం ఉంటుంది. పెంపకందారులు నీలం, పసుపు రంగు చిలుకలను పనిగట్టుకుని పెంచుతారు కాబట్టి, అలాంటి రంగులో ఒక్కటే కనిపిస్తే అనుమానించవచ్చు. గుంపుగా వచ్చి, కిటికీ తెర కదిలితే చాలు ఒక్కసారిగా లేచిపోయే పచ్చని చిలుకలు మాత్రం ఇక్కడి చెట్ల తొర్రల్లో పుట్టి పెరిగినవే.

ఈసారి చూసినప్పుడు తోకను గమనించండి. పక్షి మొత్తం పొడవు సుమారు 40 సెంటీమీటర్లు ఉంటే అందులో సగానికి పైగా తోకే ఉంటుంది. మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగుల పట్టీ ఎదిగిన మగ పక్షికి మాత్రమే ఉంటుంది. అది పూర్తిగా రావడానికి దాదాపు మూడేళ్ళు పడుతుంది కాబట్టి, పట్టీ లేని వాటిని చూసి వేరే జాతి అనుకోవద్దు, అవి ఆడవో పిల్లలో అయి ఉంటాయి. రెక్క మొదట్లో ఇటుక ఎరుపు మచ్చ, బాగా పెద్ద ముక్కు ఉన్న పక్షి కనిపిస్తే అది రామచిలుక కాదు, దాని కంటే పెద్దదైన మరో జాతి.

మీకు బైనాక్యులర్ ఉంటే కింది ముక్కును కూడా చూడండి. దక్షిణ భారతంలోని రామచిలుకలకు పై ముక్కు ఎర్రగా, కింది ముక్కు నల్లగా ఉంటుంది; ఉత్తరాది వాటికి రెండూ ఎర్రగా ఉంటాయి, ఒళ్ళు కూడా కొంచెం పెద్దది. ఐరోపా నగరాల్లోని చిలుకల జన్యువులను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనం, వాటి పూర్వీకులు ప్రధానంగా పాకిస్థాన్, ఉత్తర భారత ప్రాంతాల నుంచి వచ్చినట్లు తేల్చింది. మీ అత్తగారి సందేహానికి జవాబు కూడా కొంతవరకు అందులోనే ఉంది: హిమాలయాల దిగువ ప్రాంతపు చలికాలాన్ని తట్టుకున్న వంశానికి, ఇంటింటా గింజలు దొరికే లండన్ చలికాలం భరించలేనిది కాదు.

అసలైన దృశ్యం చూడాలంటే పొద్దు వాలే ముందు బయటికి వెళ్ళాలి. శీతాకాలంలో ఇవి వందలుగా, కొన్నిచోట్ల వేలుగా ఒకే చెట్ల వరుసలో రాత్రి బస చేస్తాయి. ఈషర్‌లోని రగ్బీ మైదానం పక్కన, హిథర్ గ్రీన్ శ్మశానంలో ఒకప్పుడు అలాంటి పెద్ద బసలు పేరు పొందాయి. చెట్లు కొట్టేసినా, అలజడి పెరిగినా చోటు మారుస్తాయి కాబట్టి పాత చిరునామాలను నమ్ముకోకుండా, సాయంత్రం మీ ఇంటి మీదుగా అరుచుకుంటూ పోయే గుంపులన్నీ ఏ దిక్కుకు వెళ్తున్నాయో రాసుకోండి. రెండు మూడు వేర్వేరు వీధుల నుంచి అలా చూస్తే ఆ గీతలు కలిసే చోటు మీకే తెలుస్తుంది. జనవరి దాటాక రిచ్‌మండ్ పార్క్ పాత ఓక్ చెట్ల దగ్గరికి వెళ్తే, వడ్రంగిపిట్టలు వదిలేసిన తొర్రల అంచులను ముక్కుతో చెక్కి వెడల్పు చేసుకుంటున్న జంటలను తీరికగా చూడవచ్చు.

పాత పత్రికలు

పై వివరణకు ఒక్కటి చేరుస్తాను, ఎందుకంటే ఈ చిలుకలు లండన్‌కు ఎలా వచ్చాయని ఇక్కడ ఎవరిని అడిగినా ముందుగా చెప్పేది కట్టుకథే. 1960ల్లో గిటార్ వాద్యకారుడు జిమి హెండ్రిక్స్ లండన్‌లోని కార్నబీ వీధిలో ఒక జంటను వదిలాడని కొందరు, 1951లో ఐల్‌వర్త్ స్టూడియోలో ఒక హాలీవుడ్ సినిమా కోసం తెచ్చినవి పారిపోయాయని కొందరు, 1987 అక్టోబరు తుపానులో పంజరాలు విరిగిపోయాయని మరికొందరు అంటారు. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు, వరుస నేరాల్లో నిందితుడి నివాసాన్ని అంచనా వేయడానికి పోలీసులు వాడే భౌగోళిక పద్ధతిని 1968 నుంచి 2014 వరకు నమోదైన చిలుకల జాడలకు అన్వయించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. ఆ కథల్లో చెప్పిన చోట్లలో ఏదీ విస్తరణకు కేంద్రంగా నిలవలేదు. చిలుకల నుంచి మనుషులకు సోకే జ్వరం గురించి 1929-30లోనూ, మళ్ళీ 1952లోనూ పత్రికలు భయపెట్టినప్పుడు చాలామంది తమ పక్షులను గుట్టుగా వదిలేసి ఉంటారని వారి ఊహ. అసలు బ్రిటన్‌లో ఈ జాతి తొలి జాడ 1855లోనే నార్ఫోక్‌లో నమోదైంది. అన్ని చోట్లా ఇంత తికమక లేదు. బ్రస్సెల్స్‌లో 1974లో ఒక వినోద ఉద్యానం యజమాని నగరానికి రంగు రావాలని నలభై యాభై చిలుకలను కావాలనే వదిలాడు, అక్కడి గుంపులకు అవే మూలం.

హడ్సన్ ఒడ్డు (న్యూజెర్సీ)

మా వైపు మన తెలుగువారు చాలామంది ఎడ్జ్‌వాటర్‌లో కరెంటు స్తంభాల మీద పచ్చని పక్షులను చూసి "ఇక్కడా రామచిలుకలు ఉన్నాయి" అని ఫోటోలు పంపుతుంటారు. అవి వేరు. దక్షిణ అమెరికాకు చెందిన మాంక్ చిలుకలు. నుదురు, గొంతు, రొమ్ము బూడిద రంగులో ఉంటాయి, మెడకు పట్టీ ఉండదు, తోక పొట్టిది. పక్షిని చూడకుండానే పోల్చుకోవచ్చు: చిలుక జాతుల్లో పుల్లలతో గూడు కట్టేది ఇదొక్కటే, అదీ అనేక జంటలు వేర్వేరు గదుల్లో కాపురముండే పెద్ద కుప్ప. బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానం సింహద్వారం శిఖరాల మధ్య అలాంటి గూళ్ళను రోడ్డు మీద నుంచే చూడవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ల వెచ్చదనానికి అక్కడే కట్టుకోవడం వల్ల మంటలు లేస్తాయని విద్యుత్ సంస్థలు గూళ్ళను దించేస్తుంటాయి, అవి మళ్ళీ కడుతుంటాయి.

మెరక చేను (ప్రకాశం జిల్లా)

లండన్‌లో ముచ్చటగా కనిపించే పక్షి, పొద్దుతిరుగుడు పువ్వు గింజ పట్టే వేళకు మా చేల మీద పడితే డబ్బాలు మోగించి, మెరిసే రిబ్బన్లు కట్టి కాపలా కాయవలసి వస్తుంది. అయినా ఇది మా నేలలో పుట్టిన పక్షి, దీన్ని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, చిలక జోస్యం వారికీ మినహాయింపు లేదు. మరి పరాయి దేశంలో దీనివల్ల అక్కడి పిట్టలకు నష్టం లేదా?

సాయంత్రపు నడక (ట్వికెన్‌హామ్)

ఉంది, అయితే చోటును బట్టి మారుతుంది. ఇవి గూటికి ముందుగా చేరడం వల్ల, బెల్జియంలో అవే తొర్రలను వాడుకునే నట్‌హాచ్ అనే చిన్న పిట్టకు చోటు తగ్గుతున్నట్లు గమనించారు. స్పెయిన్‌లోని సెవిల్ నగరపు మరియా లూయీసా పార్కులో ఇవి తొర్రల కోసం పెద్ద నాక్టూల్ గబ్బిలాల మీద దాడి చేసి చంపడం నమోదైంది. నా దృష్టిలో చిలుకల మీద ఉన్న ఫిర్యాదులన్నిటిలో బరువైనది అదే. లండన్ పెరళ్ళలో జరిపిన ప్రయోగంలో, గింజల గొట్టం పక్కన పంజరంలో చిలుక ఉన్నప్పుడు మిగతా పిట్టలు తక్కువ తిన్నాయి.

కొత్త అద్దెదారు (హౌన్‌స్లో)

అందరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం చూస్తే రెండింటికి మెడ పట్టీ ఉంది, ఒకదానికి కింది ముక్కు నల్లగానే కనిపించింది. గింజలు పోయడం మానేయాలా? ఒకవేళ దెబ్బ తగిలిన చిలుక దొరికితే బాగుచేసి వదిలేయవచ్చా?

సాయంత్రపు నడక (ట్వికెన్‌హామ్)

ముక్కు రంగును ఒకటి రెండు పక్షులను బట్టి తేల్చకండి, ఇక్కడి గుంపుల్లో రెండు వంశాలూ కలిసిపోయి ఉండవచ్చు. మానేయనక్కరలేదు, ఉప్పు వేసిన పలుకులు మాత్రం పోయకండి. చిన్న పిట్టలకు కూడా అందాలంటే, అవి మాత్రమే దూరగలిగే ఇనుప చట్రం బిగించిన గొట్టం తోట సామాను దుకాణాల్లో దొరుకుతుంది, అది తగిలించండి. వదిలే విషయంలో జాగ్రత్త: స్థానికం కాని జాతి కాబట్టి, 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా దీన్ని బయటికి వదలడం నేరం. గాయపడిన పక్షి దొరికితే అట్టపెట్టెలో ఉంచి, ముందుగా ఫోన్ చేసి, దగ్గరలోని పశువైద్యుడికి అప్పగించండి.