రెంబ్రాంట్ బొమ్మ పక్కన చక్కెర లెక్క రాయాలా?

రేవతి: డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1634లో గీసిన మార్టెన్ సోల్‌మన్స్, ఓప్యెన్ కొప్పిట్ దంపతుల బొమ్మల్ని 2016లో నెదర్లాండ్స్, ఫ్రాన్స్ కలిసి 16 కోట్ల యూరోలకి కొన్నాయి. 2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం బానిసత్వం మీద ప్రదర్శన పెట్టి, ఓప్యెన్ కథనీ అందులో చేర్చింది. మార్టెన్ తండ్రిది చక్కెర శుద్ధి వ్యాపారం. ముడి చక్కెర బ్రెజిల్‌ది, అక్కడ చెరుకు నరికింది ఆఫ్రికా బానిసలు. ఈ సంగతి బొమ్మ పక్కన ఎప్పటికీ రాసి ఉండాలంటాను. మీరేమంటారు?

కుంచె: ఈమధ్య ఇదో ఫ్యాషన్. రెంబ్రాంట్ చక్కెర అమ్మలేదండీ, 1656లో దివాలా తీశాడు పాపం. పైగా మార్టెన్ తండ్రి వ్యాపారం పెట్టేనాటికి బ్రెజిల్‌లో డచ్చివాళ్ళకి సెంటు భూమి లేదు. అక్కడి రేవు రెసిఫే వాళ్ళ చేతికొచ్చింది 1630లో. ముందు ఆ నల్లబట్టలో నలుపు మీద నలుపు ఎలా పలికించాడో చూడండి.

రేవతి: తోటలు పోర్చుగీసువాళ్ళవైతే చెరుకు దానంతటదే నరుక్కుందా? సరే, మీరన్నట్టు బొమ్మే చూద్దాం. నిలువెత్తు బొమ్మ అప్పట్లో ఎక్కువగా రాజులకీ ప్రభువులకీ చెల్లేది. రెంబ్రాంట్ దంపతుల్ని అలా నిలబెట్టి, మనిషంత ఎత్తున జంటగా గీసింది ఇదొక్కసారే. ఇరవై దాటిన వ్యాపారి కొడుకు ఆ దర్జాలో నిలబడ్డాడు. ఆ లేసులు, బూట్ల మీద అంతంత పూలు! డబ్బు కనబడాలనే గీయించుకున్న బొమ్మ ముందు డబ్బు గురించి అడగొద్దంటే ఎలా కుంచె గారూ?

బందరు బాబాయి: మా బందరులో డచ్చి కంపెనీ 1605లోనే దిగింది. పులికాట్ రేవు నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించింది కూడా. మన తీరం సొమ్ము ఎన్ని బొమ్మల్లో ఉందో!

కుంచె: బాబాయ్, అది ఆసియాలో వ్యాపారం చేసిన డచ్ ఈస్టిండియా కంపెనీ. ఈ చక్కెర గొడవ వేరు, కలపకండి.

రేవతి: మార్టెన్ పోయాక ఓప్యెన్ పెళ్ళాడిన మార్టెన్ డే అంతకుముందు బ్రెజిల్‌లో సైనికాధికారి. అక్కడ ఫ్రాన్సిస్కా అనే ఆఫ్రికా స్త్రీని బంధించి చెరిచాడని, ఆమెకి బిడ్డ పుట్టిందని పాత రికార్డుల్లోనే ఉంది.

కుంచె: ఘోరమే, కాదనను. కానీ డేతో పెళ్ళి 1647లో. 1634 నాటి బొమ్మకి ఆ పాపం అంటగడతారా?

రేవతి: ఆ బొమ్మలు తరతరాలు డే వంశం ఇంట్లోనే ఉన్నాయి. అందులో ఉన్నది మార్టెన్ డేనే అని 1950ల దాకా అనుకున్నారు కూడా. తప్పు పేరు అంతకాలం మోసిన బొమ్మ పక్కన రెండు నిజం వాక్యాలకి చోటు లేదంటారా?