అప్‌డేట్: ‘అనాన్’ అంటే వెంటనేనా, కాసేపాగా?

పోయినవారం నేను అడిగింది ఇదీ: మా అమ్మాయి చదువుతున్న ‘రోమియో జూలియెట్’లో, మేడ మీద ఉన్న జూలియెట్‌ని లోపల్నుంచి దాది పిలుస్తుంది. ఆ పిల్ల ‘అనాన్, గుడ్ నర్స్!’ అంటుంది. ‘అనాన్’ (anon) అనే ఇంగ్లీషు మాటకి నిఘంటువులో చూస్తే ‘త్వరలో’ అని ఉంది. ఆ అర్థం అక్కడ నాకు అతకలేదు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. చిక్కుముడి వీడింది.

పాత ఇంగ్లీషులో ‘ఒక్కదానిలో’ అనే అర్థమున్న రెండు మాటలు కలిసి ఈ మాట పుట్టింది. మొదటి అర్థం ‘వెంటనే’. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, మత్తయి 13:20లో, అదే అర్థంలో కనిపిస్తుంది. తెలుగు బైబిల్లో ఆ చోట ‘వెంటనే సంతోషముతో’ అనే ఉంది.

మరి ‘కాసేపట్లో’ ఎలా అయింది? నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. షేక్‌స్పియర్ రాసిన మరో నాటకం ‘నాలుగో హెన్రీ’ మొదటి భాగంలో ఫ్రాన్సిస్ అనే కుర్రాడు సారాయి వడ్డిస్తుంటాడు. పక్కగదిలోంచి పిలుస్తుంటే ‘అనాన్, అనాన్, సర్!’ అని అరుస్తాడే గానీ కదలడు, యువరాజు మాటల్లో పెట్టి కదలనివ్వడు మరి. మన ‘ఇప్పుడే వస్తున్నా’ కూడా అంతే కదా! అనడం వెంటనే, రావడం నిదానంగా. అలా వాడివాడి అర్థం జారిపోయింది.

‘ఎవర్ అండ్ అనాన్’ అంటే అప్పుడప్పుడూ అని. పద్యాల కింద కవి పేరు బదులు కనిపించే ‘అనాన్’ వేరు, అది ‘అనానిమస్’కి, అంటే ‘అజ్ఞాత కవి’ అనడానికి, పొట్టిరూపం.

మా అమ్మాయి ‘త్వరలో’ కొట్టేసి, పెన్సిల్‌తో ‘ఆఁ, వస్తున్నా!’ అని రాసుకుంది.