రాత్రి మండే పాదానికి పగలు కాలినా తెలీలేదు, ఇదెలా?

పల్నాటి_పిల్ల:
అందరికీ నమస్తే. అమ్మ గురించి అడుగుతున్నా. వయసు 61, షుగర్ వచ్చి 14 ఏళ్లు. ఏడాది నుంచి రాత్రి పడుకుంటే చాలు పాదాలు మంటలు అంటుంది, కారం రాసినట్టుందంటుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేదు, ఒక్కోసారి అర్ధరాత్రి లేచి వెళ్లి బాత్రూమ్‌లో చల్లటి గచ్చు మీద నిలబడుతుంది. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు తెచ్చి వేశాం, ఏం తేడా లేదు.

ఇదంతా ఒకెత్తు. మొన్న ఆదివారం గుడికెళ్లాం, టైము పన్నెండున్నర, బండలు పెనంలా ఉన్నాయి, నేనైతే ఒక చుట్టు కూడా పూర్తి కాకుండానే నీడలోకి పరిగెత్తా. అమ్మ మాత్రం నింపాదిగా మూడు ప్రదక్షిణలు చేసొచ్చి "స్వామి దయ, నాకసలు కాలలేదే" అంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చూశా, కుడి అరికాల్లో బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ. తనకి తెలీనే తెలీదు.

దుప్పటికే మండిపోయే పాదానికి కాలే బండ ఎందుకు తెలీలేదు? నాన్నేమో "మీ అమ్మకి నొప్పంతా మనసులోనే" అని తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది గానీ ఏం చెప్పాలో తెలీలేదు.

కొట్టు_కిట్టయ్య:
ముందు ఆ బొబ్బ చిదమకండి. ఇంకోటి, షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? ఏళ్ల తరబడి వాడితే కొంతమందికి బీ12 తగ్గిపోద్ది, దానికి కూడా కాళ్లు తిమ్మిర్లు మంటలు వస్తాయి. మా ఆవిడకి అదే అయ్యింది. టెస్టు చేయించండి.

గడప_దెబ్బ:
నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్తాను, కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

గడపకి కాలివేలు కొట్టుకున్నప్పుడు ఎప్పుడైనా గమనించారా, ముందు చురుక్కుమంటుంది, తర్వాత చిన్న గ్యాప్, "హమ్మయ్య పెద్దగా తగల్లేదులే" అనుకునేలోపు అసలు సలుపు మొదలవుతుంది. అది రెండు రకాల నరాల పని. ఒక రకానికి పైన కొవ్వు తొడుగు ఉంటుంది, ఏ-డెల్టా అంటాం, సెకనుకి 5 నుంచి 30 మీటర్ల దాకా పరిగెడతాయి, చురుక్కు వాటిదే. రెండోవి సీ ఫైబర్లు, సన్నవి, తొడుగు లేదు, సెకనుకి దాదాపు 1 మీటరు అంతే. కాలివేలి నుంచి వెన్నుపాము దాకా ఇంచుమించు మీటరు, అందుకే సలుపు సుమారు సెకను లేటుగా వస్తుంది. ఇవి మోసుకెళ్లేది నొప్పిని కాదు, "ఇక్కడ ఏదో కాలింది, తెగింది" అనే కబురుని మాత్రమే, దాన్ని నొప్పిగా మార్చేది మెదడు. కాబట్టి మీ నాన్నగారికి చెప్పండి, మనసులో, అంటే మెదడులో కాకుండా మోకాల్లో పుట్టే నొప్పి లోకంలో ఎవరికీ లేదని, ఆయన పన్ను పోటు కూడా మెదడులోనే పుడుతుంది.

ఇక అమ్మగారి సంగతి. షుగర్ ముందు దెబ్బతీసేది పొడుగు నరాల చివర్లని, సాగర్ కాలవలో నీళ్లు తగ్గితే టెయిల్ ఎండ్ పొలాలు ముందు ఎండినట్టు. అందుకే చేతుల కంటే పాదాలకి ముందొస్తుంది. పాడైన నరం రెండు తప్పులు ఒకేసారి చేస్తుంది. వానకి తడిసిన కాలింగ్ బెల్ చూశారుగా, చుట్టాలొచ్చి నొక్కితే మోగదు, రాత్రి రెండింటికి ఎవరూ లేకుండా దానంతటదే మోగుతుంది. బండ వేడి కబురు పైకి వెళ్లలేదు, అది మోగని బెల్. రాత్రి మంట దానంతటదే మోగే బెల్. దుప్పటి తగిలితే మండటం ఏంటంటే, వెన్నుపాములో కూడా వాల్యూమ్ పెరిగిపోయి మామూలు తాకిడి కూడా నొప్పి లెక్కలోకి పోతుంది, దాన్ని అలోడీనియా అంటారు. కాబట్టి ఉందా లేదా అంటే, నొప్పి నిజంగా ఉంది, కాపాడాల్సిన నొప్పి లేదు.

మామూలు నొప్పి బిళ్లలు పనిచేసేది వాపు, దెబ్బ, కీళ్ల నొప్పి లాంటి వాటికి, అంటే నరం బాగుండి ఒళ్లు దెబ్బతిన్నప్పుడు. ఇక్కడ నరమే దెబ్బతింది. పైగా షుగర్ ఉన్నవాళ్లకి ఆ బిళ్లలు రోజూ వేస్తే కిడ్నీలకి చేటు, ఆపేయండి. ప్రీగాబాలిన్, డులాక్సెటిన్ లాంటి వేరే మందులుంటాయి, డాక్టరు చూసి రాయాలి. నొప్పుల్లో ఒళ్లు దెబ్బతిన్నది, నరం దెబ్బతిన్నది కాక మూడో రకం కూడా ఉంది, ఒళ్లూ నరమూ రెండిట్లోనూ కనిపించే దెబ్బ లేకుండా నొప్పి వ్యవస్థే అతిగా స్పందించేది, ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా లాంటివి, దానికి నోసిప్లాస్టిక్ అని 2017లో పేరు పెట్టారు. అమ్మగారిది అది కాదనుకోండి.

ఓపీడీలో "ఎలా ఉంది" అంటే "నొప్పండీ" అని ఊరుకోవద్దు. మంట, పోటు, సలుపు, గుంజుడు, తిమ్మిరి, జివ్వుమనడం, మన దగ్గర ఇన్ని మాటలున్నాయి, ఏదంటే ఏ రకమో సగం తెలిసిపోతుంది.

మిర్చియార్డు_బాబాయ్:
కారం రాసినట్టు అంది చూడు, అక్కడ నాకు మా యార్డు గుర్తొచ్చింది. మిర్చి టిక్కీలు, అదే బస్తాలు దించే కుర్రాళ్లు సాయంత్రం చేతులు మండి నిద్రపోరు, చర్మం మీద చూస్తే ఏమీ ఉండదు. నిప్పు లేదు, కాలలేదు, మరి మంటెందుకు సార్?

గడప_దెబ్బ:
బాబాయ్ మంచి ప్రశ్న. మన భాషలో మిరపకాయదీ మంటే, నిప్పుదీ మంటే, శరీరం కూడా అలాగే అనుకుంటుంది. నొప్పి నరాల కొసల్లో ఒక తలుపుంది, సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది, మిరపకాయలోని క్యాప్సైసిన్‌కీ అదే తలుపు తెరుచుకుంటుంది, మెదడుకి తేడా తెలీదు. 1997లో డేవిడ్ జూలియస్ వాళ్లు కనిపెట్టారు, 2021లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. తమాషా ఏంటంటే ఆ క్యాప్సైసిన్ క్రీమే నరాల మంటకి మందుగా వాడతారు, పదే పదే రాస్తే కొసలు మొద్దుబారతాయి. అలా అని ఎవరూ ఇంట్లో కారం రాయొద్దు దేవుడా, అందులోనూ బొబ్బ ఉన్న కాలికి.

ఓరుగల్లు_పోరడు:
అక్కా బొబ్బ అన్నవ్ గదా, లైట్ తీస్కోకు. మా బాపుకు గిట్లనే చెప్పు కరిసి చిన్న పుండయింది, నొప్పి లేకపోయేసరికి ఎవ్వలం పట్టించుకోలే, మూడు నెలలకు మోకాలు కింద తీసేసిన్రు. ఇంక విను, కాలే లేదు గని లేని కాలు బొటనవేలు గుంజుతున్నదని రాత్రి ఒర్రేటోడు. ఊర్లె కొందరు దయ్యం పట్టింది అన్నరు. ఫిజియో ఆయన వచ్చి పొడుగు అద్దం తెచ్చి కాళ్ల నడుమ పెట్టి, మంచి కాలు కదిలిస్తే అద్దంల రెండు కాళ్లున్నట్టే కనవడ్తది, ఆ బొటనవేలు మెల్లగ విప్పు అన్నడు. బాపు ఏడ్చిండు. నొప్పి మొత్తం పోలే గని తగ్గింది. ఈ అద్దం ఉపాయం మన చెన్నైల చదివి అమెరికా పోయిన రామచంద్రన్ అనే డాక్టర్ 1990లల్ల మొదలువెట్టిండంట.

హోమ్_రెమెడీస్_రాణి:
వేడినీళ్లలో కల్లుప్పు వేసి అరగంట పాదాలు పెట్టించండి, మంట లాగేస్తుంది.

సిస్టరమ్మ:
రాణిగారూ దయచేసి ఆ సలహా తీసేయండి. 22 ఏళ్లుగా వార్డులో చేస్తున్నా, వేడినీళ్లలో కాళ్లు పెట్టి తోలు ఊడిపోయి వచ్చినవాళ్లని ఎంతమందిని చూశానో. వాళ్లకి వేడి తెలీదు కదమ్మా, అదే కదా ఇక్కడ గొడవ. స్నానానికి కూడా నీళ్లు వేరేవాళ్లు మోచేత్తో చూసి పెట్టాలి.

నొప్పి లేకపోవడం ఎంత ప్రమాదమో మన దేశానికి ముందు నేర్పింది కుష్ఠు రోగులు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940ల చివరి నుంచి వాళ్లని చూస్తూ తేల్చిందదే, వేళ్లు ఊడిపోయేది జబ్బు తినేసి కాదు, నొప్పి తెలీక కాలిన చోటే కాల్చుకుని, తెగిన చోటే తెగ్గొట్టుకుని పుండ్లు పడి. షుగర్ కాలుదీ అదే కథ. రోజూ రాత్రి అరికాలు చూడండి, అమ్మ వంగలేకపోతే కింద అద్దం పెట్టి చూసుకోమనండి.

ఇంకో ముఖ్యమైన మాట, షుగర్ చాలా ఏళ్లు ఉంటే గుండె నొప్పి కూడా సరిగా తెలీకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చెమటలు, దవడ లాగడం, వాంతి వచ్చినట్టుండటం, ఇలాంటివి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టకండి, వెంటనే ఈసీజీ.

పల్నాటి_పిల్ల:
అందరికీ థాంక్స్, ఈరోజు చూపించుకొచ్చాం. డాక్టరమ్మ పుల్లకి కట్టిన నైలాన్ దారం లాంటిది తీసి అరికాల్లో పది చోట్ల ఆనించింది, అది వంగేదాకా నొక్కుతారంట. అమ్మని కళ్లు మూసుకుని తగిలినప్పుడల్లా చెప్పమంది. కుడి పాదంలో మూడుసార్లే చెప్పింది. అన్నీ అయ్యాక అమ్మ కళ్లు మూసుకునే "ఇంకా మొదలెట్టలేదా అమ్మా" అంది. నాన్న పక్కనే నిలబడి చూశారు, దారిలో ఏం మాట్లాడలేదు, ఇంటికొచ్చాక బొబ్బకి కట్టు ఆయనే మార్చారు.

కిట్టయ్యగారూ బీ12 కూడా తక్కువే వచ్చింది. రాత్రికి ఒక బిళ్ల రాశారు, పని చేయడానికి రెండు మూడు వారాలు పడుతుందన్నారు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమన్నారు, ఎంసీఆర్ చెప్పులంట, మెత్తటి రబ్బరువి, అమ్మ ఏమో వంటింట్లోకి, దేవుడి గూటి దగ్గరికి చెప్పులతో ఎలా వస్తానే అని ఒకటే గోల. ఇంట్లోకి విడిగా ఒక కొత్త జత కొనిచ్చి, ఇవి బయట తొక్కలేదు అని చెప్తే ఒప్పుకుంటుందేమో చూడాలి. నరసరావుపేట చుట్టుపక్కల అవి ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా?